పెద్ద కాలేజీ, ముదిరిన వయసు, అప్పు లెక్క



ముప్పై నాలుగేళ్లు ఒక బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. అందులో చివరి తొమ్మిదేళ్లు విద్యా రుణాల బల్ల దగ్గరే గడిచాయి. బల్లకు ఇవతల నేను. అవతల ఇరవై రెండేళ్ల కుర్రాడు, వాడి పక్కన ఒళ్లో ప్లాస్టిక్ కవరు పెట్టుకుని తండ్రి. ఆ కవర్లో ఇంటి కాగితాలు. తొమ్మిదేళ్లూ దాదాపు ఇదే దృశ్యం. ఎప్పుడో గాని కుర్చీలు తారుమారయ్యేవి కావు. చదువుకోబోయేది తల్లి, పక్కన కూర్చున్నది స్కూలు యూనిఫాంలో కొడుకు. అలాంటివాళ్లు వచ్చిన రోజు ముందు టీ చెప్పేదాన్ని. ఆ ఫైలు అరగంటలో తేలదని తెలుసు.

ఈ వేళ ఆ రెండో రకం వాళ్ల గురించే మాట్లాడతాను. ముప్పై అయిదు దాటాక, నలభై దగ్గరపడ్డాక, పేరుమోసిన విశ్వవిద్యాలయం నుంచి సీటు వచ్చినవాళ్లు. సంతోషించాలో భయపడాలో తెలియక ఆ ఆఫర్ లెటర్‌ని నాలుగుసార్లు మడతపెట్టి తెచ్చేవాళ్లు.

ముందు ఒక పాత కథ చెబుతాను. 1836 మార్చిలో బొంబాయిలో ఒక అమెరికన్ జబ్బుచేసి చనిపోయాడు. పేరు జాన్ లోవెల్ జూనియర్. బట్టల మిల్లులున్న బోస్టన్ కుటుంబం. భార్య, ఇద్దరు ఆడపిల్లలు కొద్ది కాలంలోనే పోయారు. ఇల్లు ఖాళీ అయింది. దేశాల మీద పడి తిరుగుతూ ఈజిప్టులో లక్సార్ శిథిలాల దగ్గర కూర్చుని వీలునామాకు తుదిరూపం ఇచ్చాడు. తన ఆస్తిలో సగం బోస్టన్ జనానికి చదువు చెప్పే ఉపన్యాసాలకు ఖర్చుపెట్టమన్నాడు. లోతుగా నేర్చుకోదలచినవాళ్ల దగ్గర ఫీజు తీసుకోవచ్చు గాని, అది రెండు బుషెళ్ల గోధుమల ఖరీదు దాటకూడదన్నాడు. రెండు బుషెళ్లంటే మన లెక్కలో యాభై నాలుగు కిలోలు. ఒక బస్తా అనుకోండి.

ఆ సొమ్మే తర్వాత హార్వర్డ్‌కు తోడైంది. 1910లో అదే కుటుంబానికి చెందిన లారెన్స్ లోవెల్ హార్వర్డ్ అధ్యక్షుడిగా ఉండగా, పగలు పనిచేసుకునేవాళ్ల కోసం సాయంత్రం తరగతులు మొదలయ్యాయి. దాన్నే ఇప్పుడు హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్కూల్ అంటున్నారు. మన ప్రభుత్వం 2025-26కు గోధుమలకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,425 రూపాయలు. ఆ లెక్కన లోవెల్‌గారి బస్తా ఖరీదు పదమూడు వందలు. ఇవాళ అదే స్కూల్లో డిగ్రీ స్థాయి కోర్సు ఒక్కటి తీసుకుంటే రెండు వేల డాలర్లు దాటుతుంది. అంటే లక్షా డెబ్బై వేల రూపాయల పైమాటే. డిగ్రీ చేతికి రావాలంటే అలాంటివి ముప్పై రెండు కావాలి.

అయినా అది చవకే. పగటి హార్వర్డ్‌లో పద్దెనిమిదేళ్ల పిల్లకు ఫీజు, గది, భోజనం కలిపి ఏడాదికి రాసి ఉన్న రేటు ఎనభై వేల డాలర్ల పైన. సాయంకాలం డిగ్రీ మొత్తానికి అయ్యేది అంతకన్నా తక్కువ. కానీ ఆ రాసి ఉన్న రేటు కట్టేవాళ్లెందరు? ఏడాదికి రెండు లక్షల డాలర్ల లోపు ఆదాయమున్న కుటుంబాల పిల్లలకు ట్యూషన్ ఫీజే ఉండదని 2025లో హార్వర్డ్ ప్రకటించింది. చిన్నవాళ్లకు బోర్డు మీది రేటు వేరు, చేతి నుంచి పోయేది వేరు. మన బట్టల కొట్లలో లాగే. పెద్దవాళ్లకు మాత్రం చాలాచోట్ల బోర్డు రేటే అసలు రేటు.

దీనికి ఇంకా కొట్టొచ్చినట్టుండే ఉదాహరణ న్యూయార్క్‌లోని కొలంబియా. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికులు కాలేజీల ముందు బారులు తీరిన రోజుల్లో, 1947లో, అక్కడ స్కూల్ ఆఫ్ జనరల్ స్టడీస్ ఏర్పడింది. చదువు మధ్యలో ఆపి, ఏడాదో పదేళ్లో బతుకుబాటలో పడి మళ్లీ వచ్చినవాళ్లకు అది తలుపు. మాజీ సైనికులు, నాట్యం మానేసిన నర్తకులు, పిల్లల తల్లులు అందరూ వస్తారు. వీళ్లను విడిగా కూర్చోబెట్టరు. కుర్రవాళ్లు చదివే కొలంబియా కాలేజీ పిల్లల పక్కనే, అదే బెంచీ మీద, అదే ప్రొఫెసర్ దగ్గర చదువుతారు. ఇంతవరకూ నాకు చాలా నచ్చింది.

బిల్లు దగ్గరకొచ్చేసరికి నచ్చలేదు. కొలంబియా కాలేజీ కుర్రాడి ఇంటికి స్తోమత ఎంత తక్కువైతే అంత, మొత్తం లోటు విశ్వవిద్యాలయమే పూడుస్తుంది, అప్పు అక్కర్లేకుండా. అదే బెంచీ మీద పక్కన కూర్చున్న ముప్పై ఆరేళ్ల మనిషికి ఆ హామీ లేదు. కొంత స్కాలర్‌షిప్ ఇస్తారు, మిగతాది వాళ్లే చూసుకోవాలి. సైన్యంలో పనిచేసి వచ్చినవాళ్లనైతే ప్రభుత్వం ఆదుకుంటుంది. మిగతావాళ్ల సంగతి అప్పే. క్రెడిట్‌కు రెండు వేల డాలర్ల పైన. డిగ్రీకి 124 క్రెడిట్లు. బయట చదివినవాటిలో అరవై వరకు కలుపుకున్నా, అక్కడ చదవాల్సినవి అరవై నాలుగు మిగులుతాయి. డాలరుకు ఎనభై అయిదు వేసుకున్నా ఫీజే కోటీ తొమ్మిది లక్షలు.

మా పిన్ని కూతురు న్యూజెర్సీలో ఎడిసన్‌లో ఉంటుంది. డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లి, ఆ తర్వాత భర్త ఉద్యోగం మీద డిపెండెంట్ వీసా, ఇద్దరు పిల్లలు. ఆ వీసా మీద చదువుకోవచ్చు. కానీ అమెరికా ప్రభుత్వం విద్యార్థులకిచ్చే అప్పులు ముఖ్యంగా పౌరులకూ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకూ; ఆ వీసా మీద ఉన్నవాళ్లకు రావు. ముప్పై ఏడేళ్ల వయసులో ఈ స్కూలు గురించి విని, ఒక రాత్రి ఫోన్ చేసింది. "అక్కా, రైలెక్కితే గంటన్నరలో కొలంబియా. పేరంటే అలాంటి పేరు ఉండాలి కదక్కా" అంది. ఫోన్లో గొంతు అంత వెలిగిపోవడం నేను ఎప్పుడూ వినలేదు. నేను ఒక్కటే అడిగాను: "ఆ పేరు చూసి నీకు ఉద్యోగం ఇవ్వబోయేది ఎవరు?" చాలాసేపు మాట్లాడలేదు. వాళ్ల కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, అక్కణ్నుంచి రట్‌గర్స్‌కు మారింది. స్థానికులకిచ్చే ఫీజు. కొలంబియాకు వెళ్లలేదన్న వెలితి ఉందా అంటే ఉంది. పోయినసారి వచ్చినప్పుడు కూడా ఒకసారి అంది. నేను లేదని చెప్పను.

ఆ వెలితిలో ఎంత నిజముందో అమెరికా ఆర్థికవేత్తలు ఒకసారి లెక్క తీశారు. స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు 2002లో అచ్చువేసిన పరిశీలన అది. 1976లో కాలేజీల్లో చేరినవాళ్ల వివరాలు పట్టుకుని, పెద్ద కాలేజీలో సీటొచ్చి కూడా అక్కడికి వెళ్లకుండా మామూలు చోట చదివినవాళ్లను, వెళ్లినవాళ్లతో పోల్చారు. జీతాల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అంటే సత్తా ఉన్నవాళ్లు ఎక్కడ చదివినా సంపాదించారు. కాలేజీ పేరు తెచ్చిపెట్టిందనుకున్నది చాలామటుకు వాళ్ల సొంత సత్తా తెచ్చిందే. అయితే ఒక మినహాయింపు తేలింది. పేద ఇళ్ల పిల్లలకు పెద్ద కాలేజీ పేరు నిజంగానే కలిసొచ్చింది. పరిచయాలు లేని ఇంటివాళ్లకు ఆ పేరే పరిచయం కాబోలు.

దీన్ని నలభై ఏళ్లవాళ్లకు అలాగే అన్వయించలేం. వాళ్లు లెక్క తీసింది పద్దెనిమిదేళ్లవాళ్లకు. కుర్రవాడికి ఆ కాలేజీ పేరుతో నలభై ఏళ్ల ఉద్యోగం ముందుంటుంది, పదేళ్లు వృథా అయినా ముప్పై మిగులుతాయి. నలభై ఏళ్లవాళ్లకు ఉన్నదే పద్దెనిమిది, ఇరవై. అదే అప్పు సగం కాలంలో తీర్చాలి. అందుకే పేరు ఖరీదు రూపాయల్లో కాదు, మిగిలిన ఏళ్లలో చూడమని నా బల్ల దగ్గర కూర్చున్నవాళ్లందరికీ చెప్పేదాన్ని.

నా సంగతీ కాస్త చెబుతాను, సొంత డబ్బా అనుకోకండి. ఇంటర్‌తోనే క్లర్కుగా చేరాను, 1990లో. అప్పట్లో అలా తీసుకునేవారు. డిగ్రీ ఉంటే రెండు ఇంక్రిమెంట్లు. పెళ్లయింది, చంటిపిల్ల ఉంది. డాక్టర్ అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో చేరాను. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా మొదలైంది అది, దేశంలోకెల్లా మొదటిది. దానికి తొలి వైస్ చాన్సలర్‌గా ఉన్న జి. రాంరెడ్డిగారే తర్వాత ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ తొలి వైస్ చాన్సలర్ అయ్యారు. ఆదివారం కాంటాక్టు క్లాసులు. మా స్టడీ సెంటర్లో చిన్నపిల్లల బెంచీలు, మోకాళ్లు పట్టేవి కావు. నా పక్కన కండక్టరు ఒకాయన, వెనక అంగన్‌వాడీ టీచరు. మా బ్యాంకులో ఎవరూ ఎక్కడ చదివావని అడగలేదు. యూజీసీ గుర్తింపు ఉందా అని చూశారు, ఇంక్రిమెంట్లు వేశారు. రెండేళ్లలో నా ఖర్చు వెనక్కొచ్చింది. పేరు అక్కర్లేని చోట పేరు కొనుక్కోవడం అనవసరమని నాకు అప్పుడే అర్థమైంది. అందుకే కాబోలు ఈ విషయంలో నేను కాస్త పిసినారిని. ఆ సంగతి మనసులో పెట్టుకుని వినండి.

ఇక నా సర్వీసు ఆఖరి వేసవిలో, 2024లో, వచ్చిన ఒకావిడ విషయం. ముప్పై ఎనిమిదేళ్లు. నర్సుగా మొదలై ఒక పెద్ద ఆస్పత్రి పాలనా విభాగంలో పైకి వచ్చింది. చేతికొచ్చే జీతం డెబ్బై రెండు వేలు. లండన్‌లో ప్రజారోగ్యంలో ఏడాది మాస్టర్స్, ప్రపంచమంతా ఎరిగిన విశ్వవిద్యాలయం. మొత్తం ఖర్చు నలభై ఏడు లక్షలు. అందులో మార్జిన్ ఏడు లక్షలు సొంతం, నలభై లక్షలు అప్పు. ఇల్లు అత్తగారి పేరున ఉంది, కాబట్టి ఆవిడా వచ్చింది. భర్త వచ్చాడు. తొమ్మిదో తరగతి అయిపోయిన కొడుకు వచ్చాడు. వాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

ఫారం వెనక్కి తిప్పి నేను లెక్క వేశాను. ఆ కాగితం నాకింకా గుర్తుంది. నలభై లక్షలకు పదిన్నర శాతం వడ్డీ. కోర్సు ఒక ఏడాది, ఆపైన కట్టక్కర్లేని ఇంకో ఏడాది. కట్టక్కర్లేదంటే వడ్డీ ఆగుతుందని కాదు. ఏడాదికి నాలుగు లక్షల ఇరవై వేల చొప్పున పెరుగుతూనే ఉంటుంది. డబ్బంతా ఒకేసారి ఇచ్చామనుకుంటే, మొదటి వాయిదా వచ్చేనాటికి అప్పు నలభై ఎనిమిది లక్షల నలభై వేలు. పదేళ్లలో తీరుస్తామంటే నెలకు అరవై అయిదు వేలు. పదిహేనేళ్లంటే యాభై మూడు వేల అయిదు వందలు. పదిహేనేళ్లూ కట్టినదంతా కలిపితే తొంభై ఆరు లక్షలు దాటుతుంది. అప్పటికి ఆవిడకు యాభై అయిదు. వదులుకున్న ఏడాది జీతం ఇందులో కలపలేదు. పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లయితే వడ్డీ మీద మినహాయింపు ఎనిమిదేళ్లు వస్తుంది, కొంచెం ఉపశమనం, అంతే.

"స్కాలర్‌షిప్‌లు చూశావా అమ్మా?" అన్నాను.

"చూశాను మేడమ్. కేంద్రం వాళ్లదీ, రాష్ట్రాలవీ అన్నీ ముప్పై అయిదు దాటితే లేవు. బ్రిటిష్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కు వయసు పట్టింపు లేదు. నిరుడు రాశాను. ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఆగిపోయింది."

చీవెనింగ్‌కు కనీసం రెండేళ్ల ఉద్యోగానుభవం అడుగుతారు. అనుభవాన్ని తప్పుగా చూడకుండా అర్హతగా చూసే అరుదైన పథకం అది. ఇంకోసారి రాయమన్నాను. "రాస్తే ముప్పై తొమ్మిది వస్తుంది మేడమ్" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఇంకోటీ ఉంది. 2024 జనవరి నుంచి బ్రిటన్‌లో ఇలాంటి ఏడాది మాస్టర్స్‌కు వెళ్లేవాళ్లు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లడానికి వీల్లేదు. ఇరవై రెండేళ్ల కుర్రాడికి ఈ నిబంధన ఒకటి ఉందని కూడా తెలియదు. ఈవిడకు అది ఏడాది పాటు కొడుకు ముఖం ఫోన్లో చూడటం. పదో తరగతి ఏడాది. నా కాగితం మీద దానికి అంకె వేయలేదు.

అప్పుడు ఆవిడతో అంబేడ్కర్ గారి సంగతి చెప్పాను. చదువు అప్పుల గురించి మాట్లాడేటప్పుడు నాకు ఆయనే గుర్తొస్తారు, నా డిగ్రీ మీద ఆయన పేరే ఉంది మరి. 1913లో కొలంబియాకు వెళ్లినప్పుడు బరోడా సంస్థానం నెలకు పదకొండున్నర పౌన్ల చొప్పున మూడేళ్లు ఇచ్చింది, తిరిగొచ్చి సంస్థానంలో పనిచేయాలన్న షరతు మీద. అది కుర్రవాడి చదువు. లండన్‌లో మొదలుపెట్టిన చదువు మధ్యలో ఉండగానే స్కాలర్‌షిప్ గడువు తీరిపోయి 1917లో వెనక్కి రావాల్సి వచ్చింది. బొంబాయిలో సిడెన్‌హాం కాలేజీలో పాఠాలు చెప్పి డబ్బు కూడబెట్టారు. నావల్ భతేనా అనే పార్శీ మిత్రుడి దగ్గర అయిదు వేలు అప్పు తీసుకున్నారు. 1920లో మళ్లీ లండన్ వెళ్లారు. అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు, ఇంట్లో భార్య రమాబాయి, పిల్లవాడు. ఆయన అక్కడ అర్ధాకలితో చదివితే, ఆవిడ ఇక్కడ అర్ధాకలితో ఇల్లు నడిపింది. చివరికి లండన్‌లో వచ్చిన డి.ఎస్‌సి. పట్టా మీద ఒక పేరే ఉంటుంది.

ఇది చెప్పింది ఆవిడను వెళ్లమనా, వద్దనా అని మీరు అడగొచ్చు. నిజానికి వద్దని చెప్పడానికే ఎత్తుకున్నాను. చదువుకునేవాళ్లు ఒకరైతే ఖర్చు ఇంకొకరి ఒంట్లోంచి పోతుందని చెబుదామనుకున్నాను. చెప్పడం అయ్యాక చూస్తే ఆవిడ ముఖం వేరేగా ఉంది. ఇలాంటి కథలు ఆపడానికి పనికిరావు.

అత్తగారు అప్పటిదాకా మాట్లాడలేదు. అరవై అయిదు దాటి ఉంటాయి, చేతిసంచి ఒళ్లో గట్టిగా పట్టుకుని కూర్చుంది. "అమ్మా, ఒక మాట. ఇది కట్టడం మొదలయ్యేసరికి మావాడు ఏ క్లాసుకొస్తాడు?" అంది.

"ఇంటర్ సెకండియర్."

"అంటే ఆ మరుసటేడు వాడికి ఇంజనీరింగ్ ఫీజు. అప్పుడు తాకట్టు పెడదామంటే ఈ ఇల్లు మీ దగ్గరే ఉంటుంది."

"అవునమ్మా."

తొమ్మిదేళ్లలో ఆ బల్ల దగ్గర ఇంత సూటిగా ఎవరూ అడగలేదు. నేను అంకెలన్నీ వేసి చెప్పలేనిది ఆవిడ రెండు మాటల్లో తేల్చింది. ఒక ఇల్లు, ఇద్దరు విద్యార్థులు. భర్త నేల చూస్తున్నాడు. కోడలు అప్పుడే ఆఫర్ లెటర్ తీసి మడత పెట్టడం మొదలుపెట్టింది. వద్దని చెప్పడం ఇక నా వంతు కాదు, అయిపోయిందనుకున్నాను.

"వాడికింకా టైముందిలెమ్మా. దీనికే లేదు," అంది పెద్దావిడ. సంచిలోంచి దస్తావేజు, లింకు డాక్యుమెంట్లు, ఇంటి మీద వేరే అప్పు లేదని చూపే ఈసీ తీసి బల్ల మీద పెట్టింది. ఈసీ ముందే తీయించి తెచ్చుకుంది. అంటే ఇంటి దగ్గరే తేల్చుకుని వచ్చిందన్నమాట. ఆ ప్రశ్న నన్ను అడిగింది కాదు.

నా లెక్క ప్రకారం ఆ అప్పు తీసుకోకూడదు. ఇప్పటికీ అదే అంటాను. ఫైలు మాత్రం నేనే పంపాను. లీగల్ ఒపీనియన్‌కు పదిరోజులు, వాల్యుయేషన్‌కు వారం పట్టింది. తనఖా రోజున పెద్దావిడ ప్రతి కాగితం మీదా అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. అయ్యాక, "ఒక జిరాక్సు ఇప్పించమ్మా" అంది. ఇప్పించాను. ఒరిజినల్ మా స్ట్రాంగ్ రూములోకి వెళ్లింది. జిరాక్సును ఆవిడ నాలుగు మడతలు పెట్టి, దస్తావేజు తెచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే దాచి, సంచి జిప్పు లాగింది.